అడక్కుండా వేసిన కుట్టు

గౌరవనీయులైన ఇంటి యజమానురాలికి,

అతిథి వసతి సంస్థ, ఫిర్యాదుల విభాగం నుంచి నమస్కారాలు.

మీ ఇంటి ముందు గదిని మా సంస్థ ద్వారా రోజుల లెక్కన అతిథులకు అద్దెకిస్తున్నారు. ఇటీవల మీ ఇంట్లో దిగిన ఒక అతిథి, తన వ్యక్తిగత వస్తువులో మీరు అనుమతి లేకుండా జోక్యం చేసుకున్నారని మాకు ఫిర్యాదు చేశారు. ఆ అతిథి ఎవరో, ఆ వస్తువు ఏమిటో, ఆ జోక్యం ఎలాంటిదో గోప్యత నిబంధన ప్రకారం మేము చెప్పకూడదు. కాబట్టి ఆ విషయమై మీ పూర్తి వివరణ వెంటనే రాసి పంపగలరు.

ఈ సంగతి ఫోనులోనే అడుగుదామని ప్రయత్నించాం. కుట్టు మిషను చప్పుడులో ఏమీ వినపడటం లేదని మీరు ప్రతిసారీ పెట్టేస్తున్నందువల్ల ఉత్తరం రాయవలసి వచ్చింది.

ఇంటివారికీ అతిథికీ మధ్య ఉండే నమ్మకమే మా సంస్థకు పునాది అని మరొక్కసారి గుర్తు చేస్తున్నాం.

ఇట్లు,
ఫిర్యాదుల అధికారి

తా.క. ఈ ఉత్తరం మీద సంస్థ ముద్ర ఉండాలి. ముద్ర నా బల్ల సొరుగులో ఉంది. సొరుగు తాళంచెవి కనబడటం లేదు. ముద్ర పడినట్టే భావించి సమాధానం ఇవ్వగలరు.

*

ఫిర్యాదుల అధికారి గారికి,

మిషను పక్క నుంచి నమస్కారాలు.

ఎవరో చెప్పరు, ఏమిటో చెప్పరు, వివరణ మాత్రం పూర్తిగా కావాలన్నారు. ఫరవాలేదు. మీరు చెప్పకపోయినా నేను పోల్చుకున్నాను. ఇంటర్వ్యూకి వచ్చిన పొడుగాటి ఆయనే కదా. ఆయన చొక్కా రెండో గుండీ దారం మీద వేలాడుతోంది. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు బిగించాను. పనిలో పనిగా మిగతావీ బిగించి, అరిగిపోయిన కాలరు తిరగేసి కుట్టాను. ఫిర్యాదు అంటే ఏదో తక్కువైందనే కదా అర్థం. ప్యాంటు అంచు కూడా ఊడింది గానీ ఆయన అప్పటికే తొడుక్కున్నాడు. మళ్ళీ వస్తే వేస్తానని చెప్పండి.

ఆయన కాకపోతే చేతిసంచీ నర్సమ్మ అయి ఉండాలి. సంచీ పట్టీ తెగేలా ఉంటే తోలుముక్క వేసి కుట్టాను. ఆవిడా కాకపోతే కొత్తగా పెళ్ళయిన జంట. ఆ పిల్ల గౌను నడుము దగ్గర కొంచెం వదులు చేశాను. తను అడగలేదు, కానీ అడగలేకపోతోందని మెట్లెక్కేటప్పుడు చూస్తే తెలిసిపోయింది.

నా సంగతి మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. నాది దర్జీ పని. వీధి మొదట్లో నా కొట్టు ఉండేది. జనం రెడీమేడ్ బట్టలకు అలవాటుపడ్డాక కొట్టు మూసి, మిషను ఇంట్లో పెట్టుకుని, ముందు గది అతిథులకు ఇవ్వడం మొదలుపెట్టాను. ఆ గది వల్లే ఈ ఇల్లు ఇంకా నా చేతిలో ఉంది. అందుకని అతిథి వెళ్ళేటప్పుడు వచ్చినప్పటికంటే ఒక కుట్టు గట్టిగా ఉండి వెళ్ళాలని నా పట్టుదల.

ఇట్లు,
దర్జీ అక్క (ఈ వీధిలో అందరూ అలాగే అంటారు)

తా.క. ముద్ర పడినట్టే భావించమన్నారు. గుండీలు ఉన్నట్టే భావించి చొక్కా వేసుకుని ఒకసారి వీధిలోకి వెళ్ళి చూడండి.

*

మేడమ్ గారికి,

నమస్కారాలు.

మీ వివరణ చదివి మా విభాగం నిర్ఘాంతపోయింది. మేము అడిగింది ఒక వస్తువు గురించి. మీరు చెప్పింది మూడు వస్తువుల గురించి. ఆ మూడూ మాకు వచ్చిన ఫిర్యాదులో లేనే లేవు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది మీ సమాధానం. ఇప్పుడు మీ మీద నాలుగు ఆరోపణలు ఉన్నాయి. వాటిలో మూడు మీరు స్వయంగా మోపుకున్నవి.

అంతేకాక, మీ ఇంటి తలుపుకు అసలు తాళమే లేదని అతిథులు రాసిన అభిప్రాయాలు చూస్తే తెలిసింది. 'గడియ తీసుకుని లోపలికి వచ్చేయండి, నేను వెనక గదిలో ఉంటాను' అని కాగితం అంటించి పెడతారట. ఇది మా నిబంధనలకు పూర్తిగా విరుద్ధం. వెంటనే తలుపుకు నంబరు తాళం పెట్టించాలి. నడవాలో పెట్టడానికి ఒక కెమెరా పంపుతున్నాం. ఇకమీద అతిథుల వస్తువులు ముట్టుకోనని దీనితో పంపిన హామీ పత్రం మీద సంతకం చేసి తిప్పి పంపండి. లేనిపక్షంలో మీ ఇంటిని మా జాబితా నుంచి తొలగించవలసి వస్తుంది.

ఇట్లు,
ఫిర్యాదుల అధికారి

తా.క. తాళంచెవి ఇంకా దొరకలేదు. మా విభాగంలోకి బయటి నుంచి వచ్చేది టీ తెచ్చే పెద్దాయన ఒక్కడే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, నేను పట్టుకుంటాను. ప్రస్తుతానికి ఆయన్ని లోపలికి రానివ్వడం లేదు. నమ్మకం విషయంలో మేమెంత కచ్చితంగా ఉంటామో మీకు తెలియాలని రాస్తున్నాను.

*

ఫిర్యాదుల అధికారి గారికి,

నాలుగు ఆరోపణలున్న మనిషి నమస్కారాలు.

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నానన్నారు. భుజాలు తడమడం నా వృత్తి. భుజం కొలత కుదరకపోతే చొక్కా కుదరదు. తడుముతూనే ఉంటాను.

ఆ మూడూ కాకపోతే ఇంకేమై ఉంటుందని బాగా ఆలోచించాను. ఒక లెక్చరరు గారి సూట్‌కేసు జిప్పు పట్టేస్తుంటే రన్నరు మార్చాను. ఒకాయన గొడుగు గుడ్డ చువ్వ దగ్గర ఊడితే టాకా వేశాను. ఒక పాప బొమ్మకి చెవి లేకపోతే చెవి కుట్టి పెట్టాను. ఆ బొమ్మ కుందేలో కుక్కో తెలియక మధ్యస్తంగా కుట్టాను. ఫిర్యాదు అక్కడి నుంచే అయితే ఒప్పుకుంటాను. మిగతావి కూడా మీ లెక్కలో వేసుకోండి, నాకేం మొహమాటం లేదు.

తాళం మాత్రం పెట్టను. మా ఆయన బస్సు డ్రైవరు. వేళాపాళా లేని డ్యూటీ. ఎప్పుడొస్తే అప్పుడు గడియ తీసుకుని రావాలి, అలసి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి తలుపు కొట్టకూడదని నేనే తాళం తీయించేశాను. ఆయన పోయారు. గడియ ఉంది. అతిథులు కూడా ఎక్కడి నుంచో అలసి వచ్చేవాళ్ళే కదా.

ఎవరూ ఏమీ ఎత్తుకుపోలేదా అని అడుగుతారు. ఒకసారి ఇస్త్రీపెట్టె పోయింది. కొత్త ఇస్త్రీపెట్టె కొన్నాను. నమ్మకం మాత్రం పాతదే వాడుతున్నాను. బాత్రూములో కుళాయి కారుతుంటే ఒక ఇంజనీరమ్మ అడక్కుండానే వాషరు మార్చి వెళ్ళింది. నా కుళాయిలో జోక్యం చేసుకుందని నేను ఎవరికీ రాయలేదు.

హామీ పత్రం ఖాళీగా ఉంచాను. కెమెరా రానివ్వండి, చూద్దాం.

ఇట్లు,
దర్జీ అక్క

తా.క. ఆ టీ పెద్దాయన సంగతి చదివి నాకు టీ సహించలేదు. వస్తువు పోయినప్పుడు మనుషుల్ని తర్వాత అనుమానించవచ్చు, ముందు జేబుల్ని అనుమానించాలి. ఇన్నేళ్ళు జేబులు కుట్టినదాన్ని చెబుతున్నాను.

*

మేడమ్ గారికి,

నమస్కారాలు.

నా జేబులన్నీ చూసుకున్నాను. వాటిలో తాళంచెవి లేదు. నా జేబులు ఈ ఫిర్యాదు పరిధిలోకి రావని కూడా మనవి.

ఫిర్యాదు చేసిన అతిథి తన వివరాలు మీకు చెప్పడానికి ఎట్టకేలకు ఒప్పుకున్నారు. ఆయన మెజీషియన్. మీ ఇంట్లో నల్లకోటుతో దిగిన సన్నమీసాల ఆయన. ఆయన కోటు కుడి జేబు అడుగున ఒక చిల్లు ఉంటుంది. లోపల దాచిన రంగురంగుల రిబ్బను ఆ చిల్లులోంచి లాగి జనాన్ని ఆశ్చర్యపరచడం ఆయన జీవనాధారం.

మీ ఇంటి నుంచి ఆయన నేరుగా ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి వెళ్ళారు. వేదిక మీద జేబులో చెయ్యి పెట్టారు. చెయ్యి వెళ్ళింది గానీ రిబ్బను రాలేదు. ఆయన జేబులో చాలాసేపు వెతుక్కుంటుంటే ముందు వరసలో ఉన్న మేనేజరు గారు, చిల్లర కోసమైతే అవసరం లేదు, కూర్చోండి అన్నారట. ఆయన ఎడమ జేబు ప్రయత్నించారు. అదీ కుట్టేసి ఉంది. చివరికి టోపీ తీశారు. టోపీలో రహస్యంగా ఉండాల్సిన రంధ్రం మీద మీరు పువ్వు కుట్టారు. ఆయన అదే ఊపులో జనానికి దణ్ణం పెట్టి దిగిపోయారు.

ఒక మనిషి పరువు పోయింది. అది మామూలు విషయం కాదు. కెమెరా ఇవాళే పంపాం. తాళం పెట్టించి, హామీ పత్రం మీద సంతకం చేయకపోతే రద్దు తప్పదు.

ఇట్లు,
ఫిర్యాదుల అధికారి

తా.క. ముద్ర లేదని నా ఉత్తరాలను తేలిగ్గా తీసుకోవద్దు.

*

ఫిర్యాదుల అధికారి గారికి,

సగం తలదించుకుని, సగం తలెత్తుకుని నమస్కారాలు.

ముందు తలదించుకోవాల్సిన సంగతి. ఆ కోటు నాకు బాగా గుర్తుంది. మంచి ఉన్ని బట్ట. ఇంత మంచి కోటుకి ఇంత దిక్కుమాలిన జేబులేమిటని జాలేసి, ఊడిరాకుండా రెండు వరసల కుట్టు వేశాను. అంతమంది ముందు ఒక మనిషి చెయ్యి ఖాళీగా బయటికి వచ్చిందంటే అది నా సూది చేసిన పనే. చాలా బాధపడ్డాను. ఈ బాధ్యత పూర్తిగా నాది. ఆయన్ని కోటు, టోపీ తీసుకుని రమ్మనండి. కుట్లు విప్పి, పాతదానికంటే మంచి చిల్లు పెట్టి ఇస్తాను. చిల్లు చుట్టూ కాజా కుట్టు వేస్తే ఇక జన్మలో చిరగదు.

ఇక తలెత్తుకోవాల్సిన సంగతి. ఆయన ఉన్న రోజుల్లోనే నేను మా చెల్లెలింటికి వెళ్ళాల్సి వచ్చింది. ఇల్లంతా ఆయనకి వదిలేసి వెళ్ళాను. బీరువా, వంటగది, నా మిషను, నా మంచి కత్తెర అన్నీ తెరిచే ఉన్నాయి. ఆయన ఎవరో, ఏం పని చేస్తారో కూడా నేను అడగలేదు. అంత నమ్మిన మనిషికి, 'అక్కా, ఈ జేబులు ఇలాగే ఉండాలి' అని ఒక్క మాట చెబితే ఆయన సొమ్మేం పోయింది? అడగకపోవడం నా తప్పు. చెప్పకపోవడం ఆయన తప్పు. ఎవరో ఏమిటో చెప్పకుండా నాతో ఊళ్ళో వాళ్ళ బట్టలన్నీ ఏకరువు పెట్టించడం మీ తప్పు.

హామీ పత్రం పంపుతున్నాను. 'అతిథుల వస్తువులు ముట్టుకోను' అనే మాట కొట్టేసి, 'అడిగి ముట్టుకుంటాను' అని రాసి సంతకం చేశాను. ఇంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ ఇవ్వను.

కెమెరా కూడా పెట్టాను. నడవాలో కాదు. అతిథి తన గదికి వెళుతుంటే చూడటానికి నాకు సిగ్గు. తప్పు చేసింది నేనైతే నిఘా అతిథి మీద ఎందుకు? అందుకని కెమెరా నా మిషను వైపు తిప్పి బిగించాను. ఏ అతిథైనా, మీరైనా, నేను ఎవరి బట్టలు ముట్టుకుంటున్నానో పగలంతా చూసుకోవచ్చు.

ఇట్లు,
కెమెరా ముందు కూర్చున్న దర్జీ అక్క

తా.క. చేతులు సరిగా కనబడుతున్నాయా? ఎడమవైపు దీపం మార్చాను.

*

మేడమ్ గారికి,

ఈ ఉత్తరం నమస్కారం లేకుండా మొదలవుతున్నందుకు చింతించడం లేదు.

మీ కెమెరా బొమ్మ మా విభాగం గోడ మీది తెరలో కనిపిస్తుంది. ఆ తెర వచ్చినప్పటి నుంచి ఇక్కడ పని సాగడం లేదు. మా టైపిస్టు టైపు చేయడం మాని కాజాలు కుట్టడం నేర్చుకుంటోంది. అకౌంటెంటు గారు తన ప్యాంటు ఇంటి నుంచి తెచ్చి తెరకు చూపిస్తున్నారు. అవతల నుంచి ఆవిడకు కనబడదండీ అని చెబితే, కనబడకపోయినా ఆవిడకు అర్థమవుతుంది అంటున్నారు. పైవాళ్ళు వచ్చి చూసి, ఇది ఫిర్యాదుల విభాగమా దర్జీ కొట్టా అని నన్ను నిలదీశారు.

కొట్టివేతలున్న హామీ పత్రం చెల్లదు. మీ ఇంటి రద్దు ఉత్తర్వు టైపు అయి నా బల్ల మీద ఉంది. ముద్ర పడటమే తరువాయి. సొరుగు పగలగొట్టడానికి వడ్రంగికి కబురు పెట్టాం. ఈలోగా చివరి అవకాశంగా నేనే స్వయంగా నంబరు తాళం తీసుకుని మీ ఇంటికి వస్తున్నాను. నా చేతులతో బిగిస్తాను. దాన్ని మీరు తీయకుండా ఉంటే ఉత్తర్వు గురించి ఆలోచిస్తాను.

ఇట్లు,
ఫిర్యాదుల అధికారి

తా.క. టీ పెద్దాయన ఇప్పుడు కిటికీలోంచి గ్లాసులు అందిస్తున్నారు. మా దాకా వచ్చేసరికి చల్లారిపోతున్నాయి. దానికి కూడా పరోక్షంగా మీరే కారణమని అకౌంటెంటు గారు అంటున్నారు. ఎలాగో నాకు అర్థం కాలేదు గానీ, రాసి ఉంచుతున్నాను.

*

ఫిర్యాదుల అధికారి గారికి,

మీరు వచ్చి వెళ్ళిన ఇంటి నుంచి నమస్కారాలు.

మీరు కోపంలో వెళ్ళిపోయారు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. ఎవరు ఎప్పుడు అడిగినా ఇదే చెబుతాను.

మీరు వచ్చారు. కోటు విప్పి కొక్కేనికి తగిలించారు. తగిలిస్తుంటే చూసి, లోపలి జేబు కుట్టు ఊడింది, వేయమంటారా అని అడిగాను. అడిగాననే సంగతి గుర్తు పెట్టుకోండి. 'నా కోటు ముట్టుకోవద్దు' అన్నారు. సరేనన్నాను. తర్వాత స్క్రూలు బిగించి, తాళానికి నంబరు పెట్టి, ఆ నంబరు చిన్న కాగితం మీద రాసి, నాకు కూడా చూపించకుండా ఆ కోటు లోపలి జేబులోనే పెట్టుకున్నారు. పని చేస్తోందో లేదో చూద్దామని నన్ను కూడా బయటికి పిలిచి తలుపు వేశారు. పని చేసింది. నంబరు మీకు గుర్తులేదు. కాగితం కోటులో ఉంది, కోటు ఇంట్లో ఉంది, మనం వీధిలో ఉన్నాం.

పెరటి తలుపుకి తాళం లేదు కాబట్టి బతికిపోయాం. అటునుంచి లోపలికి వచ్చి మీరు జేబు వెతికారు. కాగితం లేదు. జేబు మళ్ళీ వెతికారు. తర్వాత నావైపు చూసి, 'ఇంట్లో ఉన్నది మీరూ నేనే కదండీ' అన్నారు.

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. నేను మీ వెంట వీధిలో నిలబడి ఉన్నానని కూడా మీకు గుర్తు రాలేదు. ఊళ్ళో ఎవరెవరికో ఇల్లు వదిలేసి తిరిగాను, ఒక్కళ్ళు కూడా నన్ను అలా చూడలేదు. మీ ఆఫీసులో ఆ పెద్దాయన కిటికీ బయట నిలబడి ఎలా ఉన్నారో నాకు అప్పుడు అర్థమైంది. కోటు సాక్ష్యమని, మనిషిని పంపేదాకా దాన్ని కదపవద్దని చెప్పి మీరు వెళ్ళిపోయారు.

మీ కోటు ముట్టుకోలేదు. జేబు కుట్టలేదు. ఎదురుగా ఊడిన జేబు పెట్టుకుని సూది పట్టకుండా కూర్చోవడం ఎంత కష్టమో మీకు తెలియదు. కానీ మీరు వద్దన్నారు. వద్దంటే వద్దే. గాలికి కోటు కదిలినప్పుడల్లా కింద అంచు దగ్గర ఏదో గలగలమంటోంది. కాగితం గలగలమనదు. అది మీ గుట్టు, నేను వెతకను.

మ్యాజిక్ ఆయన కోటు, టోపీ పట్టుకుని నిన్న వచ్చారు. మొదట ముఖం ముడుచుకుని కూర్చున్నారు. కుట్లు విప్పుతుంటే మెల్లగా ఒక్కో జేబు గుట్టు చెప్పారు. ఇంతవరకు ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పలేదట. అవి నాతోనే ఉంటాయి. ఆయన మీ ఊరి మీదుగా వెళుతున్నారు కాబట్టి, మీ కోటు కొక్కేనితో సహా ఊడదీసి ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. కొక్కెం నాది, దాన్ని ముట్టుకోవడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మీ తాళం వల్ల ముందు తలుపుకి మంచి భద్రత వచ్చింది. నేను కూడా వెళ్ళలేకపోతున్నాను. అతిథులు పెరటి వైపు నుంచి వస్తున్నారు. అక్కడ మాత్రం తాళం పెట్టను. మీరు రద్దు చేస్తే ఈ ఇల్లు నాకు నిలుస్తుందో లేదో తెలియదు. నిలవకపోయినా సరే, వచ్చిన మనిషిని దొంగని చూసినట్టు చూస్తూ అద్దె తీసుకోవడం నాకు చేతకాదు. చేయండి రద్దు.

ఇట్లు,
దర్జీ అక్క

తా.క. రద్దు ఉత్తర్వు మీద ముద్ర మాత్రం సరిగ్గా వేయించి పంపండి. అరకొర పని చూస్తే నాకు చిరాకు.

*

అక్కయ్య గారికి,

నమస్కారాలు. ఇంతకుముందు ఒక ఉత్తరంలో ఎగ్గొట్టినది కూడా కలిపి.

మ్యాజిక్ ఆయన నిన్న మా విభాగానికి వచ్చారు. వచ్చీ రాగానే తన ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నానని చెప్పారు. నేను పట్టించుకోలేదు. కాగితం ఎవరు తీశారో తేలాలి, ముందు సాక్ష్యం ఇలా ఇవ్వండి అన్నాను. ఆయన నా కోటు భుజాల దగ్గర పట్టుకుని ఒకసారి ఊపారు. గలగలమంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఇందులో చిల్లు ఎవరు పెట్టారండీ, చాలా గొప్పగా ఉంది అన్నారు. టైపిస్టు, అకౌంటెంటు గారు, అందరూ చుట్టూ చేరారు. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, ఖాళీ అరచేతులు అందరికీ చూపించి, లోపలి జేబులో రెండు వేళ్ళు పెట్టారు. ఆ వేళ్ళు జేబు దాటి, లైనింగులోకి దిగి, కోటు అంచు దాకా వెళ్ళాయి. మొదట నంబరు రాసిన కాగితం వచ్చింది. తర్వాత ఒక పిప్పరమెంటు బిళ్ళ. తర్వాత ఒక పాత బస్సు టిక్కెట్టు. చివరికి నా సొరుగు తాళంచెవి.

అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళు ఇంకా మ్యాజిక్ అనే అనుకుంటున్నారు. నేను తాళంచెవి సొరుగుకి పెట్టి తిప్పాను. తెరుచుకుంది. చప్పట్లు ఆగిపోయాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాడి ముఖం ఎలా ఉంటుందో మా విభాగమంతా నిన్న చూసింది.

వడ్రంగిని వెనక్కి పంపేశాను. టీ పెద్దాయన్ని కిటికీ దగ్గర నుంచి లోపలికి పిలిచాను. తాళంచెవి నా కోటులోనే ఉందని, ఆయన్ని అనుమానించినందుకు సిగ్గుపడుతున్నానని అందరి ముందూ చెప్పాను. ఆయన నన్ను నాలుగు మాటలు అంటే బాగుండేది. ఆయన గ్లాసు నా బల్ల మీద పెట్టి, 'ముందు తాగండి బాబూ, ఇవాళ వేడిగా ఉంది' అన్నారు. తాగి, ఖాళీ గ్లాసు నేనే తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చాను. మిమ్మల్ని అన్న మాటకి కూడా క్షమాపణ చెప్పుకుంటున్నాను. మీరు నాతోపాటే వీధిలో ఉన్నారు.

రాత్రంతా ఒకటే ఆలోచన. ఇన్నేళ్ళు జేబులు కుట్టిన మీకు ఆ గలగల దేనిదో తెలియదంటే నేను నమ్మను. నా తాళంచెవి పోయిందని మొదటి ఉత్తరం నుంచీ మీకు రాస్తూనే ఉన్నాను. అది దొరికితే నేను వేయబోయే మొదటి ముద్ర ఎక్కడ పడుతుందో కూడా మీకు తెలుసు. కోటు ఏ మూలో పారేసి ఉంటే మీ ఇల్లు నిలిచేది. అయినా పంపారు.

నమ్మకం మా సంస్థకు పునాది అని ప్రతి ఉత్తరంలో రాయడం నా ఉద్యోగం. ఆ మాట టైపు చేసిన కాగితాలకు నేను తాళం వేసుకుని కూర్చున్నాను. ఇక ఇవాళ చెబుతున్నాను. మీ ఇల్లు జాబితాలోనే ఉంటుంది. 'అడిగి ముట్టుకుంటాను' అని మీరు దిద్దిన హామీ పత్రాన్ని ఉన్నదున్నట్టు ఆమోదించాను. పైవాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే నన్ను అడగమని, ఆ ఇంటికి బాధ్యత నాదని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగంలో చేరాక పైవాళ్ళ మాటకి ఎదురు రాయడం ఇదే మొదటిసారి. భయంగా ఉంది, బాగానే ఉంది కూడా.

నంబరు కాగితం దీనితో పంపుతున్నాను. ముందు తలుపు తెరిచి, ఆ తాళం ఊడదీసేయండి. చెక్కకి స్క్రూల చిల్లులు మిగులుతాయి. వాటిని మీరు ఎలాగూ ఊరికే ఉంచరు.

ఇట్లు,
మీ తమ్ముడిలాంటి
ఫిర్యాదుల అధికారి

తా.క. కెమెరా తీయవద్దని విభాగమంతా వేడుకుంటోంది. టైపిస్టుకి కాజా ఇంకా కుదరలేదు.

మరొక తా.క. నా కోటు మళ్ళీ మ్యాజిక్ ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. లోపలి జేబు కుట్టండి. ఆయన మాత్రం, ఇంత చక్కటి చిల్లు పాడుచేయకండి అని దారంతా మిమ్మల్ని బతిమాలతారు, వినకండి. ఇంకా ఎక్కడ ఊడినా, చిరిగినా నన్ను అడగక్కర్లేదు. ఇది రాతపూర్వక అనుమతి. కాగితం ఒకసారి తిప్పి చూడండి. మీ రద్దు ఉత్తర్వు వెనకవైపే ఈ ఉత్తరం రాశాను. అటువైపు ముద్ర లేదు. ఇటువైపు, కింద, వేశాను.